వలలుడి వేషమూ సుషీ బల్లా

(చెన్నైలో తెలుగు రంగస్థల, టెలివిజన్, డబ్బింగ్ కళాకారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న సాటి కళాకారులకు నమస్కారం. నేను నటన వదిలి, సుషీ అనే జపాన్ వంటకం చేసే వంటవాడిగా స్థిరపడటం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. మీలో చాలామంది నాతో కలిసి పరిషత్తు పోటీల్లో నాటకాలు ఆడినవారు, సాలిగ్రామంలోని డబ్బింగ్ థియేటర్లలో నా పక్క మైకు ముందు నిలబడినవారు కాబట్టి నా పరిచయం అక్కరలేదు. మీరు కలిసినప్పుడల్లా నన్ను అడిగే మాటనే తీసుకుంటాను. "మళ్లీ ఎప్పుడు వస్తున్నావు?" అని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారని నాకు తెలుసు. కాని నేను ఇప్పుడు చేస్తున్నది గడువు తీరేదాకా చేసే పని అనీ, అసలు మనిషి నటుడే గనుక ఏదో ఒకరోజు వేషం విప్పి బయటికి రాక తప్పదనీ ఆ ప్రశ్న వెనుక ఒక నమ్మకం ఉంది. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ నమ్మకం గురించే.

అది మనకు విరాటపర్వం నుంచి వచ్చిందని నాకు అనిపిస్తుంది. తిక్కన భారతంలో భీముడు వలలుడన్న పేరుతో విరాటుడి వంటశాలలో కుదురుకుంటాడు. నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి కొలువులో గుర్రాలను చూసుకుంటూ వంట కూడా చేస్తాడు. మంచి వంటను నలభీమపాకమని చెప్పుకునే వాళ్లం మనం. అయినా మన పద్యనాటకాల్లో వలలుడు వంట చేయగా నేను ఎన్నడూ చూడలేదు. గరిటె భుజాన పెట్టుకుని వస్తాడు, ద్రౌపది మొర వింటాడు, కీచకుడి కోసం నర్తనశాలకు వెళతాడు. వంటశాల తెర వెనక ఉండిపోతుంది. ఆ పాత్ర వేసిన రోజుల్లో నేను కూడా గరిటె పట్టుకునే తీరును అద్దం ముందు సాధన చేశానే గాని, ఆ గరిటె ఏ గుండిగలో తిరిగిందో, ఎంతమందికి వడ్డించిందో ఆలోచించలేదు. ఎందుకంటే ప్రేక్షకుడు ఎదురుచూసేది వలలుడు భీముడయ్యే క్షణం కోసం. వంటవాడు అన్నది అక్కడ ఒక మారువేషం మాత్రమే, అది ఎంత త్వరగా తొలగిపోతే కథ అంత త్వరగా పాకాన పడుతుంది. నా బంధువులూ మీలో కొందరూ నా వంటగదిని ఈ దృష్టితోనే చూస్తున్నారు. నాది అజ్ఞాతవాసం కాదని మీ ముందు చెప్పడానికే ఈ ఆహ్వానాన్ని సంతోషంగా ఒప్పుకున్నాను.

తెనాలి ప్రాంతపు పరిషత్తు నాటకాల్లో పెరిగి, సీరియళ్ల కోసం చెన్నై చేరి, తండ్రి, బాబాయి, ప్లీడరు, పోలీసు అధికారి వంటి వేషాలతో నేను చాలా ఏళ్లు గడిపాను. అప్పటికే తెలుగు సినిమా ఈ ఊరి నుంచి హైదరాబాదుకు తరలిపోవడం పూర్తయింది. వడపళనిలో విజయా వాహినీ ఫ్లోర్లు ఉన్న చోట ఇవాళ ఆసుపత్రి, మాల్, హోటల్ నిలబడి ఉన్నాయి. ఇక్కడ మిగిలిన మనకు కొన్ని సీరియళ్లు, తమిళం నుంచి తెలుగులోకి వచ్చే డబ్బింగులు ఆధారమయ్యాయి. వేషాలు తగ్గినందుకు నేను నటన వదలలేదని స్పష్టంగా చెప్పాలి. నన్ను బాధించింది వేషానికీ వేషానికీ నడుమ ఉన్న ఖాళీ. పరిషత్తు నాటకానికి మనం వారాల తరబడి ప్రతి రాత్రీ రిహార్సల్ చేసేవాళ్లం. ఒక్క వాక్యం పలికే తీరు మీద దర్శకుడూ నటుడూ అర్ధరాత్రి దాకా వాదించుకునేవారు. సీరియల్లో సంభాషణ అప్పటికప్పుడు చేతికి వస్తుంది, ప్రాంప్టింగ్ వింటూ చెప్పేస్తాం, మరుసటి కాల్షీటు కోసం ప్రొడక్షన్ మేనేజరు ఫోనుకు ఎదురుచూస్తాం. గాయకుడు ఇంట్లో కూర్చుని పాడుకోగలడు, చిత్రకారుడు గీసుకోగలడు. నటుడికి మాత్రం ఎవరో ఒకరు పిలిస్తే తప్ప పని లేదు. నలభై దాటిన తరువాత, రోజూ చేస్తూ రోజూ మెరుగయ్యే పని ఒకటి కావాలన్న ఆకలి నాలో పెరిగింది.

ఆ సమయంలో, ఈ నగరంలోనే ఒక జపనీస్ రెస్టారెంటులో సాయంత్రాలు వడ్డనకు మనుషులు కావాలంటే చేరాను. ఒరగడంలో నిస్సాన్-రెనో కర్మాగారం 2010లో మొదలైన తరువాతా, మన ఆంధ్ర సరిహద్దులోని శ్రీసిటీలో ఇసుజు వంటి జపాన్ సంస్థలు వచ్చిన తరువాతా చెన్నైలో జపనీయుల సంఖ్య పెరిగింది, వారితోపాటు ఇటువంటి రెస్టారెంట్లూ పెరిగాయి. అక్కడ తినేవారి ఎదుటే సుషీ చేసే బల్ల వెనక నిలబడిన జపనీస్ గురువు చేతులను చూడటం నాకు పళ్లేలు మోయడం కంటే ముఖ్యమైపోయింది. ఆయన మాట్లాడేది తక్కువ. సంతోషమైనా అసంతృప్తి అయినా ఆయన చేతుల్లోనే తెలిసేది. కొంతకాలానికి నన్ను లోపలికి తీసుకోమని అడిగాను. ఆయన నన్ను అన్నం దగ్గర పెట్టారు.

సుషీ అనగానే మనవారికి పచ్చిచేప కళ్ల ముందు మెదులుతుంది. ఆ పని చేసేవాడికి మాత్రం మొదటి చింతా చివరి చింతా అన్నమే. పూర్వం జపాన్‌లో బివా సరస్సు తీరాన చేపను ఉప్పుతోనూ అన్నంతోనూ కలిపి నెలల తరబడి పులియబెట్టి, చేపను మాత్రం తిని అన్నాన్ని తీసివేసేవారు. ఆ పులుపును వెనిగర్‌తో అప్పటికప్పుడు తెచ్చి, చేత్తో ఒత్తిన అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి రెండూ కలిపి తినే నిగిరి పద్ధతి 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఎడోలో, అంటే నేటి టోక్యోలో, బండ్ల మీద వ్యాపించింది. 1820ల్లో హనయా యోహేయి అనే వ్యాపారి దానికి పేరు తెచ్చాడని చెబుతారు. అప్పటి ముద్దలు ఇప్పటివాటికి రెండింతలకు పైగా పెద్దవి. 1923 భూకంపంలో టోక్యో ధ్వంసమై పనివారు సొంత ఊళ్లకు చెదిరిపోవడం వల్ల ఈ పద్ధతి దేశమంతటా పాకింది. యుద్ధానంతరం 1947లో ఆహార కొరత వల్ల భోజనశాలలపై ఆంక్షలు పెట్టినప్పుడు, వినియోగదారుడు తెచ్చిన దాదాపు 150 గ్రాముల బియ్యానికి పది ముక్కలు చేసి ఇచ్చే ఏర్పాటును ప్రభుత్వం అనుమతించింది. నేటి ముక్క పరిమాణం స్థిరపడటానికి అదొక కారణం. కరవు కాలపు లెక్క ఒకటి ఇంత నాజూకైన కొలతగా మిగిలిపోవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఆ అన్నానికి కావలసినది పొట్టి గింజ బియ్యం. వాటిలో అమైలోజ్ అనే పిండి పదార్థం తక్కువ గనుక ఉడికాక గింజలు ఒకదానికొకటి అంటుకుంటాయి. మనం తినే సాంబ మసూరిలో అమైలోజ్ ఎక్కువ గనుక మెతుకు మెతుకూ విడిపోతుంది, మనకు నచ్చేదీ అదే. ఇక్కడ మీకు ఒక వంశవృక్షం చెప్పాలి. బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204కు, అంటే ఈ సాంబ మసూరికే, పూర్వికుల్లో మలేసియా నుంచి వచ్చిన మసూరి ఒకటి. ఆ మసూరి పుట్టుకలో తైచుంగ్ 65 అనే రకం పాలు పంచుకుంది. తైచుంగ్ 65 జపాన్ పాలనలో ఉన్న తైవాన్‌లో తయారైన జపానీ జాతి వరి. బాపట్ల బియ్యంలో ఎక్కడో దూరపు జపాన్ రక్తం ఉందన్నమాట. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఇక చేసే తీరు చెబుతాను. కడిగిన బియ్యాన్ని నానబెట్టి, నీళ్లు కొంచెం తగ్గించి వండి, వెడల్పాటి చెక్క తొట్టిలోకి ఒక్కసారిగా వంచి, వెనిగర్, ఉప్పు, చక్కెర కలిపిన ద్రవాన్ని పోసి, చెక్క గరిటెను ఏటవాలుగా దించుతూ మెతుకు నలగకుండా కలపాలి. ఒకవైపు విసురుతూ ఆవిరిని పోనివ్వాలి. మన ఇళ్లలో పులిహోరకు అన్నాన్ని పళ్లెంలో ఆరబెట్టి చింతపండు పులుసు పట్టించే చేతిని గుర్తు చేసుకుంటే మీకు సగం అర్థమైనట్లే. తేడా ఏమిటంటే పులిహోర చల్లారినా బాగుంటుంది, ఈ అన్నం మాత్రం మనిషి ఒంటి వేడి దగ్గర ఉండగానే నోటికి చేరాలి. చెన్నై ఉక్కలో ఆ వేడిని నిలపడం, సుషీకి చుట్టే నోరి అనే సముద్రపు నాచు ఆకు మెత్తబడకుండా చూడటం రోజూ ఒక పోరాటం. కొత్త బియ్యంలో నీరెక్కువ గనుక పాత బియ్యాన్ని కలిపి వాడే పనివారు జపాన్‌లో చాలామంది ఉన్నారు. పాత బియ్యం విలువ తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

అన్నం వండటానికి మూడేళ్లు, నిగిరి చుట్టడానికి ఎనిమిదేళ్లు అని జపాన్‌లో ఒక నానుడి ఉంది. దీన్ని 2015లో హోరియే తకాఫుమి అనే వ్యాపారవేత్త బహిరంగంగా ఎద్దేవా చేశాడు. కొన్ని నెలల్లో నేర్చుకోగలిగిన దానికి పదేళ్లు ఎందుకని అతని వాదన. దాదాపు ఆ కాలంలోనే, మూడు నెలల శిక్షణ పొందినవారితో నడుస్తున్న ఒసాకాలోని ఒక సుషీ దుకాణం, మంచి రెస్టారెంట్లను ఎంపిక చేసే మిషెలిన్ మార్గదర్శినిలో చోటు సంపాదించింది. నలభై దాటి మొదలుపెట్టిన నాకు ఈ వివాదం ప్రాణసంకటమే. నా అభిప్రాయం చెబుతాను. చేతి కదలికలు నెలల్లో వస్తాయి, అందులో హోరియే మాట నిజం. కాని ఒకే చేప వేసవిలో ఒక తీరుగా, ఈశాన్య రుతుపవనాల వేళ మరొక తీరుగా ఉంటుంది. ఒకే బియ్యం బస్తా మొదట్లో ఒక నీరు తాగుతుంది, అడుగుకు వచ్చేసరికి మరొక నీరు తాగుతుంది. వాటిని తెలుసుకోవడానికి ఋతువులు గడవాలి, దానికి దగ్గరిదారి లేదు. పదేళ్లు గిన్నెలు తోమించడాన్ని శిక్షణ అనడం మాత్రం నేను ఒప్పుకోను. మా గురువు అలా చేయలేదు. మొదటి రోజుల్లోనే కత్తి చేతికిచ్చారు, ఒకవైపు మాత్రమే పదునుండే పొడవాటి యనగిబా కత్తిని సానరాయి మీద రోజూ పని ముగిశాక నూరించారు.

నాకు కత్తి పట్టడం నేర్పిన సీనియర్ మణిపూర్ నుంచి వచ్చిన యువకుడు, వయసులో నాకంటే ఎంతో చిన్నవాడు. అతడిని నేను 'చెఫ్' అని పిలిచేవాడిని, అతడు నన్ను 'అన్నా' అనేవాడు. పని విషయంలో మాత్రం అతడి మాటే చెల్లేది. నలభై దాటినవాడు కుర్రవాడి కింద ఎలా ఒదిగాడని మీలో కొందరు ఆశ్చర్యపడ్డారు. మన రంగస్థలమే నాకు దాన్ని నేర్పింది. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటక సమాజాల్లో ఇవాళ కృష్ణుడి వేషం కట్టినవాడు రేపు తెర లాగుతాడు, ఎల్లుండి దీపాలు చూసుకుంటాడు. ఏ పనినీ తక్కువ చేయకపోవడం అక్కడ క్రమశిక్షణ. దాన్ని సినిమా, టెలివిజన్ లోకంలో మనం పోగొట్టుకున్నాం, వంటగదిలో నాకు అది తిరిగి దొరికింది.

నటన వల్ల ఈ పనిలో నాకు ఏం లాభించిందని అడిగేవారు, బల్ల వెనక నిలబడి పదిమంది ముందు పనిచేయడం వేదిక వంటిదే కదా అంటారు. నా అనుభవం వేరు. వేదిక మీద దీపాల వెలుగులో మనకు ప్రేక్షకుల ముఖాలు కనిపించవు, వారి నవ్వూ నిశ్శబ్దమూ మాత్రమే వినిపిస్తాయి. చూడబడటం మన పని. ఇక్కడ చూడటం నా పని. ఎదుటి మనిషి ఎడమచేతివాటమా, చాప్‌స్టిక్స్ వాడతాడా వేళ్లతో తీసుకుంటాడా, ఎంత నెమ్మదిగా నములుతాడు, ముందరి ముక్క పూర్తిగా మింగాడా అని గమనిస్తూ తరువాతి ముద్ద పరిమాణాన్నీ వేళనూ సరిచేసుకోవాలి. దీనికి నాకు పనికివచ్చింది వేదిక కాదు, డబ్బింగ్. తెర మీది మనిషి పెదవులు ఎప్పుడు విడివడతాయో, ఎక్కడ మూసుకుంటాయో చూస్తూ మన గొంతును దానికి అమర్చడం ఎన్నో ఏళ్లు చేశాం. పరాయి నోటిని అంత శ్రద్ధగా చూసే అలవాటు డబ్బింగ్ కళాకారుడికి తప్ప మరెవరికి ఉంటుంది? నా కళ్లకు ఆ శిక్షణ ఇచ్చినందుకు సాలిగ్రామం థియేటర్లకు నేను రుణపడి ఉన్నాను.

చేప విషయంలో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో తినేవారి ఆరోగ్యం ముడిపడి ఉంది. తెల్లవారకముందు కాశిమేడు రేవుకు వెళితే వంజరం, చందువా, పండుగప్ప, తమిళులు సూరై అనే ట్యూనా, పీతలు, రొయ్యలు కుప్పలుగా కనిపిస్తాయి. కళ్లు మెరుస్తున్న చేప కనిపించగానే దాన్ని పచ్చిగా వడ్డించవచ్చని అనుకోవడం ప్రమాదకరం. కొన్ని చేపల్లో అనిసాకిస్ వంటి పరాన్నజీవులు ఉంటాయి. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఏడు రోజులు గడ్డకట్టించి నిల్వచేస్తే అవి చస్తాయని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ నిర్దేశిస్తుంది. ట్యూనా, కానాగంత వంటివి వేడికి వదిలేస్తే వాటిలో హిస్టమిన్ పేరుకుంటుంది, అది ఆ తరువాత ఎంత ఉడికించినా పోదు. అందుకే పట్టిన మొదటి గంటలోనే మంచు తగిలిందా లేదా అన్నది నాకు చేప మెరుపు కంటే ముఖ్యం. రోజుల తరబడి సముద్రంలో ఉండి వచ్చే ట్రాలర్ చేపను మేము పచ్చిగా వడ్డించం. రొయ్యను ఉడికిస్తాం, మరికొన్నింటిని నిప్పు మీద కాలుస్తాం. పచ్చిగా వడ్డించేది గడ్డకట్టించి, మొదటి నుంచీ చలిలోనే ప్రయాణించి వచ్చినదై ఉంటుంది.

మనవారికి వింతగా తోచే సంగతి మరొకటి ఉంది. గిలగిల కొట్టుకునే చేపే రుచి అని మనం నమ్ముతాం. చేప చనిపోయిన తరువాత దాని కండరంలోని శక్తి పదార్థం క్రమంగా ఇనోసినేట్‌గా మారుతుంది. చేపకు రుచి ఇచ్చే ఆ పదార్థాన్ని 1913లో కొడామా షింతారో ఎండబెట్టిన బోనిటో చేపలో గుర్తించాడు. అందువల్ల సరిగ్గా చంపి, రక్తం తీసి, చలిలో ఉంచిన కొన్ని రకాల చేపల్లో మరునాటికో ఆ మరునాటికో రుచి పెరుగుతుంది. ఇకెజిమె అనే పద్ధతిలో చేప మెదడునూ వెన్నుపామునూ వెంటనే నిర్జీవం చేయడం అందుకే. విశాఖ, కాకినాడ తీరాల్లో సంప్రదాయ పడవల మీద గాలపు తాళ్లతో పసుపు రెక్కల ట్యూనాను పట్టే మన మత్స్యకారులకు ఈ పద్ధతిని నేర్పి, పడవలోనే తగినంత మంచు అందుబాటులో ఉంచి, అందుకు తగిన ధర చెల్లిస్తే, చెన్నైలో తెలుగు సముద్రపు చేపతో మంచి సుషీ చేయవచ్చునని నేను గట్టిగా నమ్ముతున్నాను. సంప్రదాయం అడ్డువస్తుందని ఎవరైనా అంటే సాల్మన్‌ను చూపిస్తాను. నార్వే వారు 1980ల్లో ప్రచారం చేసి అమ్మేదాకా పరాన్నజీవుల భయంతో జపనీయులు సాల్మన్‌ను పచ్చిగా తినేవారు కారు.

భరతముని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసాన్ని వివరించడానికి భోజనాన్నే తీసుకున్నాడు. నానా వ్యంజనాలతో కూడిన అన్నాన్ని తింటూ సుమనస్కులు రుచులను ఆస్వాదించినట్లు, అభినయంతో వ్యక్తమైన స్థాయిభావాలను ప్రేక్షకులు ఆస్వాదిస్తారని ఆయన అన్నాడు. మనం ఆ భాగాన్ని ఎన్నో ఉపన్యాసాల్లో విన్నాం, కాని అక్కడ వంటవాడు నటుడికి సమానమైన చోట నిలబడ్డాడని ఎవరూ అనగా నేను వినలేదు. నన్ను పెళ్లిళ్లలో పరిచయం చేసేటప్పుడు బంధువులు ఇప్పటికీ "సీరియళ్లలో చేస్తాడు" అంటారు. వంట మాట వస్తే గొంతు తగ్గిస్తారు. భరతుడికి లేని సంకోచం వారికి ఎక్కడి నుంచి వచ్చిందో మనమందరం ఆలోచించాలి.

వయసు సంగతి కూడా చెప్పాలి. 'నో' అనే జపాన్ సంప్రదాయ నాటక రంగానికి మూలపురుషుడైన జెయామి, నటుడు ఏ వయసులో ఏ సాధన చేయాలో 15వ శతాబ్దపు ఆరంభంలో రాసిపెట్టాడు. నలభై నాలుగు, నలభై అయిదేళ్లు వచ్చాక పద్ధతి మార్చుకోవాలనీ, ఒంటికి భారమైన ఆటను తగ్గించి ప్రకాశించే అవకాశం చిన్నవారికి ఇవ్వాలనీ అన్నాడు. ఆయన తండ్రి కన్‌అమి 1384లో, 52వ ఏట, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు సురుగాలో ఆడినప్పుడు ఆడంబరమైన అంశాలను చిన్నవారికి వదిలి, తాను కొద్దిగా మాత్రమే ఆడాడట. అయినా జనం ఆయననే మెచ్చుకున్నారట. నటన మానేయమని జెయామి చెప్పలేదు, నేనూ మీకు చెప్పడం లేదు. ఏ వయసుకు ఏ సాధన మిగిలి ఉందో కళ్లు తెరిచి చూడమని ఆయన అడిగాడు. ఆ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఈ బల్ల.

ఈ సభలో కొందరు మిత్రులు వంటగదిలో చేరే ఆలోచనతో ఉన్నారని నాకు తెలుసు, వారికి కొన్ని ఆచరణకు పనికివచ్చే మాటలు చెప్పి ముగిస్తాను. మొదట్లో జీతం మంచి కాల్షీట్లు ఉన్న నెలతో పోలిస్తే చాలా తక్కువ, ఇంట్లో ముందుగా మాట్లాడుకోండి. పూటంతా నిలబడగల కాళ్లు కావాలి. గోళ్లు కురచగా ఉండాలి, అత్తరూ సెంటూ మానుకోవాలి, ఎందుకంటే చేపకూ అన్నానికీ ఆ వాసన అంటుకుంటుంది. చేరే ముందు అక్కడ అన్నం ఎవరు వండుతారో, చేప ఎక్కడి నుంచి ఎలా వస్తుందో అడగండి. ఆ రెండింటికీ సూటిగా సమాధానం రాని చోట చేరకండి. విదేశీయుల జపనీస్ వంట నైపుణ్యానికి జపాన్ వ్యవసాయ మంత్రిత్వశాఖ మార్గదర్శకత్వంలో 2016 నుంచి ధ్రువపత్రాలు ఇస్తున్నారు, కొంత అనుభవం వచ్చాక దానికి ప్రయత్నించవచ్చు. తూర్పు తీరంలో యాంత్రిక పడవలకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో రేవుకు వెళ్లే పని తగ్గడం వల్ల ఉదయం పూట నాకు తీరిక ఉంటుంది. నేర్చుకోవాలనుకునేవారు ఆ వేళకు రండి, బియ్యం కడగడం నుంచి మొదలుపెడదాం. ఇక మీ ప్రశ్నలు అడగండి.